కలం పేరు వెనక నేనొక్కదాన్నే దాక్కున్నాను

నేను పోస్టాఫీసులో పని చేస్తాను. గోదావరి కాలవ పక్కన ఒక చిన్న టౌను, అందులో సబ్ పోస్టాఫీసు, కౌంటర్‌లో కూర్చునే పోస్టల్ అసిస్టెంట్‌ని. 2015 నుంచి కథలు రాస్తున్నాను. ఇప్పటికి ఇరవై ఒకటి అచ్చయ్యాయి, ఒక పుస్తకం కూడా వచ్చింది. వీటిలో ఒక్కదాని మీద కూడా నా అసలు పేరు లేదు. ఈ మధ్య ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు నా కలం పేరుకి మెయిల్ రాసి, మేమూ ఇంట్లో చెప్పకుండా రాస్తున్నాం, పేరు ఎలా పెట్టుకోవాలి, డబ్బులు ఎలా వస్తాయి, తర్వాత ఏమైనా ఇబ్బంది అవుతుందా అని అడిగారు. ఒక్కొక్కరికి ముక్కలు ముక్కలుగా చెప్పేకంటే జరిగింది జరిగినట్టు ఒకచోట రాస్తే మంచిదనిపించింది. ఇందులో నేను చేసిన ఒక తప్పు కూడా ఉంది, అసలు ఇదంతా రాస్తున్నది దాని గురించే.

ముందు ఎందుకు పేరు మార్చుకున్నానో చెప్తాను. మన పేర్లలో ఇంటిపేరు ఉంటుంది చూడండి, అది పేరు కాదు, అడ్రసు. ఇంటిపేరు చెప్పగానే ఏ ఊరు, ఎవరి తాలూకు, ఏ కులం, మేనమామలెవరు, అన్నీ లెక్కగట్టేస్తారు. మా అత్తగారి ఇంటిపేరు మా టౌనులో ముప్ఫై ఇళ్ళవాళ్ళకి ఉంది. ఆ ఇంటిపేరుతో నేనొక అత్తాకోడళ్ళ కథ రాస్తే అది మా అత్తగారి కథే అయిపోతుంది, నేను వెయ్యి ఒట్లు పెట్టుకున్నా సరే. మా అత్తగారు మంచావిడ, నా పిల్లల్ని పెంచింది ఆవిడే. పెళ్ళిళ్ళకి వెళ్ళినచోట ఆవిడని నలుగురూ ఓరగా చూడటం నాకు ఇష్టం లేదు. పుట్టింటి ఇంటిపేరు వాడదామంటే అక్కడ మా నాన్న, తమ్ముడు ఉన్నారు. ఎటు తిరిగినా ఎవరో ఒకరి గుమ్మంలోకే వెళ్ళి పడుతున్నాను.

కలం పేర్లు మనకేం కొత్త కాదు కదా. శ్రీరంగం శ్రీనివాసరావుగారిని ఎంతమంది ఆ పేరుతో పిలిచారు, అందరికీ శ్రీశ్రీయే. భాగవతుల సదాశివ శంకరశాస్త్రిగారు ఆరుద్ర అయ్యారు. 1965లో వచ్చిన దిగంబర కవులు ఆరుగురూ, నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న, ఈ పేర్లలో ఎక్కడైనా ఇంటిపేరు కనబడుతుందా, ఊరు కనబడుతుందా? బీనాదేవి అంటే ఒక మనిషి కాదు, భార్యాభర్తలిద్దరూ, పైగా ఆయన న్యాయశాఖలో ఉద్యోగి. ఇది తెలిసినప్పుడు నాకు చాలా ధైర్యం వచ్చింది. కోర్టులో ఉద్యోగం చేసిన మనిషి వేరే పేరుతో కథలు రాసుకున్నప్పుడు నేను పోస్టాఫీసు కౌంటర్‌లో కూర్చుని ఎందుకు రాయకూడదు అనుకున్నాను.

పేరు కోసం నెల రోజులు తిప్పలు పడ్డాను. నదుల పేర్లు, పువ్వుల పేర్లు, రాగాల పేర్లు కాగితం మీద రాసి చూసుకునేదాన్ని. ఏదీ మనిషిలా అనిపించేది కాదు. చివరికి మా అమ్మమ్మ పేరు పెట్టుకున్నాను, మూడక్షరాలు, ముందు ఇంటిపేరు లేదు, వెనక దేవి లేదు. ఆవిడకి చదువు రాదు, వేలిముద్ర వేసేది. ఆవిడ పేరు అచ్చులో మొదటిసారి కనబడింది నా కథ మీదే. ఇక్కడ ఒక జాగ్రత్త: పేరు ఖాయం చేసుకునే ముందు ఆ పేరుతో ఇంకెవరైనా రాస్తున్నారేమో వెతకండి. నేను వెతికాను కాబట్టి సరిపోయింది, ముందు అనుకున్న పేరుతో అప్పటికే ఒకావిడ కవిత్వం రాస్తున్నారు.

ఇక కథ పత్రికకి పంపడం. అప్పట్లో నాకు యూనికోడ్‌లో టైపు చేయడం రాదు. తెల్లకాగితాల మీద ఒకవైపే రాసి, హామీపత్రం జతచేసి, కథ తీసుకోకపోతే తిరిగి పంపడానికి స్టాంపులంటించిన కవరు పెట్టి పంపాలి. ఇందులో నా ఉద్యోగం వల్ల ఒక చిక్కు వచ్చింది. మా ఆఫీసులో ప్రతి ఒక్కరికీ నా చేతిరాత తెలుసు. పాస్‌బుక్కుల మీద, రసీదుల మీద రోజూ చూసే రాతే కదా. అందుకని కవర్ల మీద అడ్రసులన్నీ మా ఆయన రాసేవారు. ఆయనకి మొదటి రోజే చెప్పాను. ఏమీ అనలేదు, పెన్ను తీసుకుని గుండ్రంగా అడ్రసు రాసి, "రాజమండ్రి వెళ్తున్నాగా, అక్కడ డబ్బాలో వేస్తాలే" అన్నారు అంతే. ఆయన సాయం లేకపోతే ఈ పని రెండో కథతోనే ఆగిపోయేది.

తిరుగు కవరు మీద మాత్రం తెలివి తక్కువ పని చేశాం. కలం పేరు, మా ఇంటి నెంబరు. మూడు నెలల తర్వాత ఒక పొద్దున మా పోస్ట్‌మాన్‌గారు, రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి, ఉత్తరాలు వరసపెట్టుకుంటూ ఒక కవరు పట్టుకుని నా దగ్గరికి వచ్చారు.

"అమ్మా, మీ ఇంటి నెంబరే ఉంది. ఈ పేరుగలవాళ్ళు మీ ఇంట్లో లేరుగా. చిరునామాదారు తెలియదు అని రాసి తిప్పి పంపేద్దామంటే పంపినవాళ్ళ అడ్రసు కూడా లేదు."

నాకు గొంతు ఎండిపోయింది. ఆయన కవరుని రెండు వేళ్ళతో నొక్కి చూశారు, మడతపెట్టిన కాగితాల మందం, ఒక మూల పిన్ను గుచ్చుకుని పైకి పొడుచుకొచ్చింది. "ఈ మందం కవర్లు నాకు తెలుసమ్మా. పాత హైస్కూలు దగ్గర తెలుగు మాస్టారింటికి పదేళ్ళు ఇచ్చాను. ఇస్తున్నప్పుడల్లా ఆయన మొహం చూడలేకపోయేవాణ్ణి" అని కవరు నా టేబుల్ మీద పెట్టి, బ్యాగు తగిలించుకుని వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఆ పేరు మీద ఏది వచ్చినా నా సొరుగులోనే ఉండేది. రిటైరయ్యేదాకా ఎవరికీ చెప్పలేదు, నాతో కూడా మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఆయన మేలు మర్చిపోలేను.

డబ్బుల సంగతి. మొదటి కథకి ఎనిమిది వందల చెక్కు వచ్చింది, కలం పేరు మీద. ఆ పేరుతో నాకు బ్యాంకు ఖాతా లేదు, ఉండదు కూడా. ఆధార్, పాన్ అన్నీ అసలు పేరుతోనే కదా. వారపత్రిక వాళ్ళకి ఫోన్ చేస్తే చెక్కు తిప్పి పంపండి, మార్చి ఇస్తాం అన్నారు. పంపాను. చెక్కుకి మూడు నెలలే గడువు, అది దాటిపోయింది, కొత్తది రానేలేదు. నాలుగుసార్లు ఫోన్ చేసి ఊరుకున్నాను. ఎనిమిది వందల గురించి కాదు, మొదటి సంపాదన అని బాధ. అప్పటినుంచి ప్రతి కథతో ఒక వేరే కాగితం పెట్టడం అలవాటు చేసుకున్నాను: అసలు పేరు ఇది, కలం పేరు ఇది, కథ మీద కలం పేరు మాత్రమే వేయండి, ఫోటో, ఫోన్ నంబరు వేయొద్దు, పారితోషికం మాత్రం అసలు పేరు మీద ఈ ఖాతాకి. హామీపత్రం మీద సంతకం ఎప్పుడూ అసలు పేరుతోనే. ఈ కథ నా సొంతం, అనువాదమూ అనుకరణా కాదు అని మాట ఇస్తున్నాం కదా, అక్కడ మారు పేరు పెట్టడం పద్ధతి కాదు. ఎడిటర్‌కి మీరెవరో తెలియాలి. తెలియకూడనిది పాఠకులకే.

ఉద్యోగస్తులకి ఒక మాట. మాకు వర్తించేవి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ప్రవర్తనా నియమాలు, 1964వి. ఒక కొలీగ్ మాటల సందర్భంలో, నా గురించి తెలియకుండానే, గవర్నమెంటు వాళ్ళు రాయకూడదండీ అంటే రెండు రాత్రులు నిద్రపట్టలేదు. తర్వాత రూల్సు తెప్పించుకుని చదివాను. కథలూ కవితలూ రాసుకోవడానికి అడ్డం లేదు. కానీ తొమ్మిదో రూలు ఒకటుంది, ప్రభుత్వ విధానాల్ని విమర్శించకూడదని. అది సొంత పేరుతో అయినా, పేరు లేకుండా అయినా, మారు పేరుతో అయినా ఒకటే అని అందులోనే స్పష్టంగా రాశారు. అంటే ఆ విషయంలో కలం పేరు ఏ రక్షణా ఇవ్వదు. రాష్ట్ర ఉద్యోగులకి వేరే రూల్సు ఉంటాయి, అవి తెప్పించుకుని చదవండి, ఎవరో చెప్పిన మాట విని భయపడొద్దు, ఎవరో చెప్పిన మాట విని ధైర్యమూ తెచ్చుకోవద్దు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

2016 ఆగస్టులో ఒకావిడ మా ఆఫీసులో ఆర్డీ ఖాతా తెరిచింది, నెలకి ఐదొందలు, ఐదేళ్ళు. జాకెట్లు కుడుతుంది. భర్త సంపాదిస్తాడు గానీ అతని చేతిలో డబ్బు నిలవదు, ఆవిడ చేతిలో ఉన్నా నిలవనివ్వడు. పాస్‌బుక్కు ఇంట్లో పెట్టుకునేది కాదు, పక్కింటివాళ్ళ బియ్యం డబ్బాలో ఉండేది. ఒక్కోసారి అంచుల్లో నూక గింజలు ఇరుక్కుని వచ్చేవి, నేను టేబుల్ మీద తట్టి ఎంట్రీ వేసేదాన్ని. ప్రతి నెలా పదో తారీకు లోపు వచ్చేది. పైట కొంగున పిన్నీసుతో గుచ్చిన నోట్లు విప్పి ఇచ్చేది, పది రూపాయల నోట్లు, ఇరవై రూపాయల నోట్లు కూడా ఉండేవి. నేను మొత్తం ఎంతయ్యిందో చెప్తే కళ్ళు మూసుకుని, "ఇంకోసారి చెప్పండి మేడం, చెవులారా వింటాను" అనేది. నేను మళ్ళీ చెప్పేదాన్ని. క్యూలో వెనక ఉన్నవాళ్ళు విసుక్కున్నా సరే రెండుసార్లు చెప్పేదాన్ని. నాకు ఆ నిమిషం చాలా ఇష్టంగా ఉండేది.

2019లో ఆవిడ మీద కథ రాశాను. ఎంతో జాగ్రత్త పడ్డాననుకున్నాను. ఊరు మార్చాను. జాకెట్లు కుట్టేదాన్ని పచ్చళ్ళు పట్టి అమ్మేదిగా చేశాను. బియ్యం డబ్బాని పప్పు డబ్బా చేశాను. పోస్టాఫీసు మాత్రం ఉంచాను, నాకు బాగా తెలిసిన చోటు అదే. ఆ మాట కూడా ఉంచేశాను. "ఇంకోసారి చెప్పండి, చెవులారా వింటాను." అంతకంటే మంచి మాట నేను కల్పించలేననిపించింది. కథ చివర కూడా ఆ మాటతోనే అయిపోతుంది. జూలైలో వచ్చింది, చాలామందికి నచ్చింది, నాకు వచ్చిన మొదటి ఉత్తరాలన్నీ ఆ కథకే.

ఆగస్టులో ఆవిడ పదో తారీకుకి రాలేదు. నెలాఖరుకి వచ్చి కట్టింది, బాకీ రుసుముతో. నేనేదో ఆలస్యమైందనుకున్నాను. సెప్టెంబరులో కట్టడానికి వచ్చి, "సగం తీసుకోవచ్చంట కదా మేడం" అంది. ఆర్డీ మీద ఏడాది దాటాక సగం దాకా అప్పుగా తీసుకోవచ్చు. అప్పటికి ముప్ఫై ఎనిమిది కంతులు, పంతొమ్మిది వేలు. నేను ఫారం నింపాను, ఆవిడ సంతకం పెట్టింది. తొమ్మిదిన్నర వేలు లెక్కపెట్టి ఇచ్చాను. ఈసారి ఇంకోసారి చెప్పమని అడగలేదు.

డబ్బు కొంగున కట్టుకుని కూడా వెళ్ళలేదు, అలాగే నిలబడింది. క్యూలో ఎవరూ లేరు, మధ్యాహ్నం భోజనాల వేళ. మెల్లిగా చెప్పింది. జాకెట్టుకి కొలతలివ్వడానికి వచ్చిన ఒకావిడ వారపత్రికలో కథ చదివి, ఇది నీ మాటేగా, పోస్టాఫీసులో నువ్వనే మాటేగా అని నవ్వుతూ అందట. ఆవిడా ఒకసారి క్యూలో వెనక నిలబడి విన్న మనిషే. కుట్టేది ఇంటి దగ్గరే కాబట్టి ఆ నవ్వు ఇంట్లోకి కూడా వినబడింది. భర్త కథ చదవలేదు, చదవాల్సిన పని కూడా లేకపోయింది, పోస్టాఫీసులో ఎంతుంది అని అడిగాడు, అంతే. సగమైనా మిగలాలని ఆవిడే సగం తీసి ఇవ్వడానికి ఒప్పుకుంది.

"అన్ని ఉత్తరాలూ మీ చేతి మీదుగానే పోతాయి కదా మేడం. ఆ రాసినావిడ ఎవరో, ఏ ఊరో కనుక్కుని చెప్తారా? నేను తిట్టను. ఎలా తెలిసిందో అడుగుతాను, అంతే" అంది.

నన్నే నమ్మి నన్నే అడుగుతోంది. ఆ రోజు నేను అబద్ధం చెప్పి ఉంటే ఆవిడకి ఎప్పటికీ తెలిసేది కాదు, నా పేరు ఎక్కడా లేదు. నాలుక దాకా వచ్చింది కూడా, చూస్తానక్కా అని. కానీ ఆ నూక గింజలు తట్టిన టేబుల్ మీదే చేతులు పెట్టుకుని కూర్చున్నాను, ఆ మాట అనలేకపోయాను. నేనే రాశానక్కా అన్నాను.

చాలాసేపు ఏమీ అనలేదు. ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత నా వైపు చూడకుండా, పాస్‌బుక్కు వైపు చూస్తూ అంది.

"మీ పేరు మార్చుకున్నారు. నా మాట మాత్రం అలాగే ఉంచేశారేంటి మేడం?"

ఇన్నేళ్ళలో నా కథల గురించి ఎవరెన్ని అన్నా ఈ మాట ముందు ఏదీ నిలబడలేదు. నేను పేరు గురించి నెల రోజులు ఆలోచించాను. కవరు మీద చేతిరాత గురించి ఆలోచించాను. చెక్కు గురించి, రూల్సు గురించి, మా అత్తగారి పరువు గురించి ఆలోచించాను. ఆవిడ గురించి ఒక పూట కూర్చుని, ఈ కథ చేతికి దొరికితే ఆవిడ ఇంట్లో ఏమవుతుంది అని ఒక్కసారి కూడా అనుకోలేదు. పైగా కౌంటర్‌లో కూర్చున్నందుకు నాకు తెలిసిన సంగతి అది, బయట చెప్పుకోవడానికి ఆవిడ నాకు చెప్పింది కాదు. ఎన్ని వివరాలు మార్చినా ఒక మనిషి నోట్లోంచి వచ్చిన మాట మారకపోతే ఆ మనిషి అక్కడే ఉంటుంది. ఫోటో వేసినట్టే. సంఘటనలు చాలామందికి ఒకేలా జరుగుతాయి, మాట మాత్రం ఒక్కరిదే.

దాదాపు ఏడాది ఏమీ రాయలేదు. ఆవిడ మాత్రం ప్రతి నెలా వస్తూనే ఉంది, తీసుకున్న దానికి కంతులు కూడా కడుతూ. మాట్లాడేది, కానీ మునుపటిలా కాదు.

2020లో కరోనా వచ్చి చాలా వారపత్రికలు అచ్చు ఆపేశాయి. నా కథలున్న పాత సంచికలు ఎక్కడా దొరకవనిపించి పుస్తకం వేద్దామని మా ఆయనే అన్నారు. అది 2022లో వచ్చింది. ఆ పనుల్లో మీకు పనికొచ్చేవి గబగబా చెప్తాను. విజయవాడలో డీటీపీ చేయించాను, 'అను' అనే పాత తెలుగు ఫాంట్లలోంచి యూనికోడ్‌కి మారుస్తుంటే వత్తులు ఎగిరిపోయాయి, మూడుసార్లు ప్రూఫు చూసుకోవాల్సి వచ్చింది. పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు, ఐఎస్‌బీఎన్, దానికి డబ్బు కట్టక్కర్లేదు, రాజా రామ్మోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీ వెబ్‌సైటులో రచయితలు కూడా అప్లై చేసుకోవచ్చు, గుర్తింపు కార్డు అసలు పేరుది ఇవ్వాలి. 1954 చట్టం ప్రకారం పుస్తకం వచ్చిన నెలలోపు కలకత్తా నేషనల్ లైబ్రరీకీ, చెన్నై, ముంబై, ఢిల్లీల్లో ఇంకో మూడు లైబ్రరీలకీ కాపీలు పంపాలి, ఆ నాలుగు పార్సిళ్ళూ నా కౌంటర్‌లో నేనే తూకం వేసుకున్నాను. హక్కుల సంగతి చాలామంది అడుగుతున్నారు: కలం పేరుతో రాసినా కాపీరైటు మీదే, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చేయించుకోవాలంటే ఒక రచనకి ఐదొందల ఫీజు. తేడా ఒక్కటే, 1957 చట్టంలో అసలు పేరుతో రాసినవాళ్ళకి చనిపోయాక అరవై ఏళ్ళు హక్కు ఉంటే, మారు పేరుతో వచ్చినవాటికి అచ్చయిన ఏడాది తర్వాత నుంచి అరవై ఏళ్ళే. ఈలోగా అసలు పేరు బయటపెడితే చనిపోయాక అరవై ఏళ్ళ లెక్కే వస్తుంది. అందుకే హామీపత్రాల నకళ్ళు, చేతిరాత ప్రతులు, ఎడిటర్ల ఉత్తరాలు ఒక ఫైల్లో పెట్టి మా పెద్దమ్మాయికి చూపించాను.

పుస్తకానికి కథలు ఎంచుకునేటప్పుడు ఆవిడ కథ దగ్గర ఆగిపోయాను. అప్పటికి ఆర్డీ గడువు అయిపోయింది, డబ్బు తీసుకుని, కొత్త ఖాతా తెరిచింది. నేను కథని మొత్తం తిరగరాశాను. పోస్టాఫీసు తీసేశాను. ఆ మాట తీసేశాను, తీసేస్తుంటే చెయ్యి కోసుకున్నట్టయ్యింది, ఎందుకంటే కథకి ప్రాణం అదే. దాని బదులు ఏం పెట్టాలో తెలియక పాత ముగింపు చోటు అలాగే ఖాళీగా వదిలేశాను. ఆ కాగితాలు తీసుకుని ఒక ఆదివారం ఆవిడ ఇంటికి వెళ్ళాను. అక్కా, వద్దంటే వేయను, చించేస్తాను అన్నాను.

మిషను ఆపి, దారం తెంపి, చదవండి అంది. చదివాను. రెండుచోట్ల తలూపింది. ఒకచోట, పచ్చళ్ళావిడ భర్తని గురించి రాసిన దగ్గర, "మరీ అంత చెడ్డోడు కాదులెండి, కాస్త తగ్గించండి" అంది, తగ్గించాను. చివర ఖాళీ దగ్గరికి వచ్చేసరికి ఇక్కడ ఇంకా ఏమీ రాయలేదక్కా అన్నాను. కాసేపు ఆలోచించింది. ఆ మాట మళ్ళీ పెట్టుకోమంటుందేమోనని లోపల ఎక్కడో ఆశ ఉంది, దాచను. ఆవిడ ఆ ఊసే ఎత్తలేదు.

"ఆవిడ నెలకి ఎంత కడతంది, ఐదొందలేనా?" అంది.

అవునక్కా, ఐదొందలే రాశాను అన్నాను.

"వెయ్యి అని రాయండి. పచ్చళ్ళు బాగా పోతన్నాయన్నారుగా."

పుస్తకంలో వెయ్యి అనే ఉంది.